గుడివాడ కంపెనీ, గిలకలదిండి షెడ్డు

మా వారు పోయాక ఇంట్లో మిగిలిన వస్తువులన్నిట్లో అందరి కళ్ళూ కారు మీదే పడ్డాయి. దినవారాలు అయ్యీ అవకముందే మా మరిది వరండాలో కూర్చుని కదిపాడు.

"వదినా, దాన్నలా నిలబెట్టేస్తే టైర్లు కూడా పాడైపోతాయి. నీకా డ్రైవింగ్ రాదు. డ్రైవర్ని పెట్టుకునేంత తిరుగుడూ లేదు. ఎవరికన్నా ఇచ్చేద్దాం, నేను చూస్తాలే."

"ఉండనీ" అన్నాను.

"ఉండి ఏం చేస్తుంది?"

ఏం చేస్తుందో నాకూ తెలియదు. ఉండనీ అని మళ్ళీ అన్నాను. అతను నొచ్చుకున్నట్టు లేచి వెళ్ళాడు.

మా వారు కాలవల డిపార్టుమెంటులో ఇంజనీరు. నేను బందరులో ఆడపిల్లల కాలేజీలో బోటనీ చెప్పేదాన్ని. మాకు పిల్లలు లేరు. తొంభైల చివర్లో ఆ తెల్ల కారు కొన్నారు. సెలవు వస్తే చాలు, దివిసీమ కాలవ గట్ల వెంట తిప్పేవారు. లాకులు చూపించి, ఇక్కడ నీళ్ళు ఇలా ఎందుకు మళ్ళించారో తెలుసా అని అడిగేవారు. తెలియదనేదాన్ని. చెప్పేవారు. మర్నెల మళ్ళీ అదే లాకు దగ్గర మళ్ళీ అదే అడిగేవారు. నేను ఎప్పుడూ ఎడమవైపు సీట్లో కూర్చునేదాన్ని. కాలవలకు నీళ్ళు కట్టేసే ఎండాకాలంలో, ఒక పొద్దున పూడిక తీసే పనులు చూడ్డానికి కారులో గట్టు మీదికి వెళ్ళి, అక్కడే గుండె పట్టుకుని కూలబడిపోయారు. కారును ఆఫీసు జీపు డ్రైవరు తెచ్చి మా గుమ్మం ముందు పెట్టి, తాళాలు నా చేతికివ్వలేక గోడ మీద పెట్టి వెళ్ళాడు.

కొన్నాళ్ళకు నేనే డ్రైవింగ్ స్కూల్లో చేరాను. నేర్పేవాడు పెద్దాయన, కాస్త కోపిష్ఠి. చిలకలపూడి వైపు రోడ్డు మీద పొద్దున్నే తీసుకెళ్ళి, "క్లచ్చమ్మా, క్లచ్చు! పాఠాలు చెప్పినంత తేలిక కాదు" అని కసిరేవాడు. నన్ను కసిరే మనిషి ఒకరుండడం నాకు ఆ రోజుల్లో బాగానే ఉండేది. ఊళ్ళో అందరూ నాతో గొంతు తగ్గించి, గాజు సామాను ముట్టుకున్నట్టు మాట్లాడుతున్నారు మరి.

డ్రైవింగ్ వచ్చింది. కారుకు సర్వీసు టైమూ వచ్చింది.

మా వారు సర్వీసు ఆ కారు కంపెనీవాళ్ళ దగ్గరే చేయించేవారు. బయట మెకానిక్కుల మీద ఆయనకు నమ్మకం లేదు. బందరులో అప్పటికి ఆ కంపెనీ వర్క్‌షాపు లేదు. గుడివాడ ఊరి చివర ఉండేది. ఒక సెలవురోజు పెడన మీదుగా, గుడ్లవల్లేరు మీదుగా మొదటిసారి ఒక్కదాన్నే అంత దూరం నడుపుకుంటూ వెళ్ళాను. లారీ ఎదురొచ్చినప్పుడల్లా పక్కకు ఆపేసి, అది పోయాక మళ్ళీ బయల్దేరేదాన్ని. వర్క్‌షాపు గేటులోకి తిప్పేసరికి చెమటతో జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది.

అక్కడ మర్యాదకు లోటు లేదు. టై కట్టుకున్న కుర్రాడు ఎదురొచ్చి "రండి మేడమ్" అని తలుపు తీశాడు. అద్దాల గదిలో కూర్చోబెట్టారు. లోపల చల్లగా ఉంది. టీవీ దానిపాటికది మోగుతోంది. కైకలూరు వైపు చేపల చెరువుల వాళ్ళు ఇద్దరు ముగ్గురు సెల్‌ఫోన్లలో మేత గురించీ ఐసు గురించీ గట్టిగా మాట్లాడుకుంటున్నారు. అద్దంలోంచి చూస్తే మా కారు పైకి లేచి, చక్రాలు వేలాడేసుకుని ఉంది. ఎవరో డాక్టరు గది బయట కూర్చున్నట్టు అనిపించింది నాకు. దిద్దాల్సిన పేపర్లు తీసుకెళ్ళాను కానీ ఒక్కటీ దిద్దలేదు.

సాయంత్రానికి బండి తెచ్చి నిలబెట్టారు. నిగనిగలాడుతోంది.

"లోపలంతా వాక్యూమ్ కొట్టించాం మేడమ్. మ్యాట్లు కూడా సబ్బు నీళ్ళతో కడిగించాం. కొత్త బండిలా ఉంది చూడండి" అన్నాడు కుర్రాడు సంతోషంగా. ఒక ప్లాస్టిక్ కవరు నా చేతికిచ్చాడు. "డాష్‌బోర్డులో మీ సామాన్లు. ఒక్కటీ పోకుండా తీయించాను."

కవరులో సగం వాడిన వక్కపొడి పొట్లం, నల్ల దువ్వెన, చిన్న టార్చిలైటు, మడతపెట్టిన చేతిరుమాలు ఉన్నాయి. డ్రైవర్ సీటు ముందు మ్యాటు మీద కాలవ గట్ల బురద ఎండి, మా వారి బూటు ఆనే చోట గట్టిగా పేరుకుపోయి ఉండేది. నేను నడపడం మొదలుపెట్టాక కూడా దాన్ని దులపలేదు. దాని మీదే మడమ ఆనించి నడిపేదాన్ని. ఇప్పుడు మ్యాటు నల్లగా, తడిగా మెరుస్తోంది.

"బాగుంది బాబూ" అన్నాను. ఆ అబ్బాయి తప్పేముంది? పని శ్రద్ధగా చేశాడు. గుడ్లవల్లేరు దాటాక కారు పక్కకు ఆపుకుని, కాసేపు కూర్చుని, మళ్ళీ బయల్దేరాను.

ఆ తర్వాత గుడివాడ వెళ్ళబుద్ధి పుట్టలేదు.

కొన్ని నెలలకు ఒక పొద్దున కారు స్టార్ట్ కాలేదు. కాలేజీకి రిక్షాలో వెళ్ళి, మా స్టాఫ్‌రూములో ఆ మాటంటే ఎకనామిక్స్ మేడమ్ చెప్పింది. మా ఇద్దరిలో ఆవిడే పెద్ద, నన్ను చెల్లెలిలా చూసేది. "గిలకలదిండి రోడ్డులో ఒకాయన ఉన్నాడు. పడవల ఇంజన్లు చేసేవాడు, ఇప్పుడు కార్లు కూడా చేస్తున్నాడు. మా వారి బండి ఆయనే చూస్తాడు. కబురు పంపిస్తా" అంది.

సాయంత్రం ఆయనే మా ఇంటికి వచ్చాడు. యాభైకి కాస్త అటూ ఇటూ ఉంటాయి. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. బానెట్టు ఎత్తి చూసి, "బ్యాటరీ అండీ. బండి రోజూ తిప్పకపోతే ఇలాగే నీరసపడిపోద్ది" అన్నాడు. బ్యాటరీ మార్చాక, సర్వీసు కూడా తనే చేస్తానన్నాడు.

"లోపల మాత్రం ఏమీ ముట్టుకోవద్దండీ" అన్నాను.

ఆయన నావంక చూశాడు. "నాది ఇంజను పనండీ మేడమ్. లోపలితో నాకేం పని?"

ఎందుకని అడగలేదు. నాకు అది చాలు.

అలా నేను గిలకలదిండి షెడ్డు మనిషినయ్యాను. హార్బరుకు వెళ్ళే రోడ్డు పక్కన, రేకుల షెడ్డు. ఐసు లారీలు నీళ్ళు కారుస్తూ పోయేవి. ఎదురుగా ఖాళీ స్థలంలో వలలు పరిచి బాగుచేసేవాళ్ళు. గాలి మళ్ళితే చేపల వాసన, లేకపోతే డీజిలు వాసన. గోడకు ఏసుప్రభువు బొమ్మ ఉన్న క్యాలెండరు, దాని కింద స్పానర్లు వరసగా. శనివారం కాలేజీ ఒంటిపూట కాబట్టి మధ్యాహ్నం వెళ్ళేదాన్ని. ఆయన ఇనప కుర్చీ ఒకటి తుడిచి నీడలో వేసేవాడు. నేను పేపర్లు దిద్దుకునేదాన్ని. అక్కడైతే దిద్దగలిగేదాన్ని. ఆయన పనిలో పడితే మాట్లాడేవాడు కాదు. ఇనుము మీద ఇనుము తగిలే చప్పుడు, అప్పుడప్పుడూ ఒక దగ్గు. ఇంట్లో ఆ మాత్రం చప్పుడు కూడా ఉండేది కాదు.

మొదట బ్రేకులని వెళ్ళాను. తర్వాత హారను. తర్వాత ఎడమవైపు తలుపు కిర్రుమంటోందని. ఒక శనివారం ఆయిలు మార్చమన్నాను. ఆయన ఆయిలు కొలిచే పుల్ల పైకి తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీసి చూశాడు.

"ఇంకా నల్లబడనే లేదండీ మేడమ్. బండి తిరిగిందేదీ? కాలేజీకీ ఇంటికీ... ఇప్పుడెందుకు తెచ్చారు?"

కుర్చీ పక్కనే నిలబడి ఉన్నాను. పేపర్ల కట్ట చేతిలో ఉంది. ఆయన నా చేతిలో కట్ట చూశాడు, కుర్చీ చూశాడు. పుల్ల మళ్ళీ లోపల పెట్టాడు.

"సరే, కూర్చోండి. ఎయిర్ ఫిల్టరు దులిపి పెడతాను" అన్నాడు.

ఆ ఫిల్టరు దులిపి అప్పటికి ఎన్నాళ్ళో కాలేదు. అయినా బయటికి తీసి, నెమ్మదిగా, మూలమూలలా దులిపాడు. ఆ మధ్యాహ్నమంతా దానికే సరిపోయింది.

ఆయన భార్య కువైట్‌లో పనిచేస్తుందని ఒకరోజు ఫోను వచ్చినప్పుడు తెలిసింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. "ఆఁ... ఆఁ... తిన్నా. నువ్వు?... ఆఁ... వర్షాల్లేవిక్కడ" అన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని వచ్చి, "ఇంటావిడండీ" అని, మళ్ళీ బండి కిందకి దూరాడు. ఎన్నేళ్ళుగా ఉంటోందో అడగాలనిపించి, మళ్ళీ పేపర్లలో తల పెట్టాను.

ఆ మార్చిలో అవనిగడ్డ కాలేజీకి నన్ను ప్రాక్టికల్ పరీక్షలకు ఎగ్జామినరుగా వేశారు. బస్సులో వెళ్ళొచ్చు. కానీ ఆ రోడ్డులో కారు నేనే నడుపుకుంటూ వెళ్ళాలని పట్టుదల. మా వారు పోయాక దివిసీమ వైపు వెళ్ళనే లేదు. చల్లపల్లి దాటాను. మోపిదేవి దాటాను. అవనిగడ్డ ఇంకా కాస్త దూరం ఉందనగా బానెట్టు సందుల్లోంచి తెల్లగా ఆవిరి కక్కుతూ కారు ఆగిపోయింది.

దిగి నిలబడ్డాను. రోడ్డుకు అటు పక్క కోసేసిన మినుము చేను, ఇటు పక్క కాలవ. పొద్దుటెండే చురుక్కుమంటోంది. కొత్తగా కొన్న సెల్‌ఫోను తీసి పేర్లు ఒక్కొక్కటే కిందికి జరిపాను. కాలేజీ. గ్యాసు. పాలతను. మా మరిది, అతను హైదరాబాదు వెళ్ళిపోయాడు. కరెంటాఫీసు. గిలకలదిండి షెడ్డు. ఆ తర్వాత మా వారి నంబరు. ఆయన ఆఫీసు ఫోనుది, కొత్త ఫోనులోకి కూడా ఎక్కించుకున్నాను. ఇలాంటప్పుడు "నేనిక్కడ చిక్కుకుపోయాను" అని చెప్పుకోడానికి ఒక్క మనిషి ఉండాలి కదా. ఆ చిన్న తెరలో పేర్లన్నీ అయిపోయి మళ్ళీ మొదటికి వచ్చాయి. ఏడుపు రాలేదు. ఆ రోడ్డు మీద నేను ఎవరికీ ఏమీ కానన్న సంగతి మాత్రం, ఎండ తగిలినంత స్పష్టంగా తగిలింది.

చివరికి షెడ్డుకు చేశాను.

"ఆవిరి వచ్చిందా? మూత తియ్యకండి మేడమ్, కాలుద్ది" అన్నాడు. "గొట్టం పగిలినట్టుంది. బస్సెక్కి వచ్చేస్తున్నా. మీరు పరీక్షకు వెళ్ళిపోండి, పిల్లలు ఎదురుచూస్తా ఉంటారు. తాళాలు దగ్గర్లో ఎవరికైనా ఇచ్చెళ్ళండి."

కాలవ పక్కన ఒక పెంకుటింటావిడ తాళాలు తీసుకుంది. "మీరెళ్ళండమ్మా, మేం చూస్తాంగా" అంది. ఆటో ఎక్కి వెళ్ళాను. ఆ రోజంతా పిల్లలు పూలను నిలువునా కోసి చూపిస్తుంటే మార్కులు వేశాను.

సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆయన ఆ ఇంటి పందిరి కింద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. కారు రోడ్డు పక్కన సిద్ధంగా ఉంది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"తప్పు నాదేనండీ మేడమ్. మొన్న రేడియేటరు గొట్టం మార్చానే, కంపెనీది దొరక్క బయట రకం వేశాను. నిలబడుద్దనుకున్నా. అదే గుడివాడలో అయితే ఇట్టా జరిగేది కాదు."

"వచ్చారుగా" అన్నాను.

"రాకపోతే ఎలాగండీ?"

తిరుగు ప్రయాణంలో ఆయన వెనక తలుపు తీయబోయాడు. "ముందు కూర్చోండి" అన్నాను. కాస్త తటపటాయించి, సీటు మీద నూనె అంటుతుందేమోనని తన తువ్వాలు పరిచి, ఎడమవైపు కూర్చున్నాడు. మా కారు నేను నడుపుతుంటే పక్కన ఒక మనిషి కూర్చోవడం అదే మొదలు. గేరు మార్చినప్పుడల్లా ఆయన మోకాలు పక్కకు జరుపుకునేవాడు. పొద్దు వాలుతోంది. నీళ్ళలో బాతుల గుంపును తోలుకుపోతున్నారు.

"మీ ఊరు ఇటేనా?" అడిగాను.

"కోడూరు దగ్గరండీ. అక్కడ ఇల్లు కట్టాం. మా ఆవిడ పంపిందంతా దాంట్లోనే పెట్టాం. రెండు గదులు, నాపరాళ్ళు, బయట కుళాయి. చాలా బాగుంటదండీ." కింద పరిచిన తువ్వాలు సర్దుకున్నాడు. "తాళమేసి ఉంది. ఆవిడ అక్కడ, నేను బందరులో. ఒక్కణ్ణి ఆ ఇంట్లో ఏం పడుకుంటానని షెడ్డులోనే పడుకుంటున్నా. అప్పుడప్పుడూ వెళ్ళి ఊడ్చొస్తా."

"ఆవిడ ఎప్పుడొస్తారు?"

"వచ్చే ఏడాదంటదండీ. ప్రతేడాదీ అంటది."

నేను మా వారి గురించి చెప్పాను. లాకుల గురించి, ఆయన అడిగిందే అడిగే ప్రశ్న గురించి చెప్పాను. ఎవరికీ చెప్పలేదు అంతవరకూ. "జవాబు మీకు తెలుసు కదండీ?" అన్నాడు ఆయన. తెలుసన్నాను. తెలిసీ తెలియదనేదాన్నని చెప్పాను. ఆయన చిన్నగా నవ్వాడు. బందరు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. కోనేరు సెంటరులో జనం మధ్యలోంచి నెమ్మదిగా పోనిచ్చి, ఆయన్ను షెడ్డు దగ్గర దింపి ఇంటికి వెళ్ళాను. ఆ సాయంత్రం అన్నం వండుకుని తిన్నాను. మామూలుగా ఆ పూట ఏదో ఒకటి కొరికి పడుకునేదాన్ని.

వారం తిరక్కుండానే స్టాఫ్‌రూములో ఎవరూ లేనప్పుడు ఎకనామిక్స్ మేడమ్ నా పక్కకు కుర్చీ జరుపుకుంది.

"ఒక మాట చెప్తాను, ఏమనుకోకు. శనివారం శనివారం ఆ షెడ్డులో కూర్చుంటున్నావంట. మొన్న ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని సెంటరులోంచి వచ్చావంట. నాకు నువ్వు తెలుసు. ఊరికి తెలియదుగా."

"కారు బాగుచేయడానికి వచ్చాడు అక్కా."

"అదే నేనూ చెప్పాను. కానీ చూడు, బండి సర్వీసు కంపెనీకి ఇచ్చేస్తే ఈ గోలే ఉండదు."

ఒళ్ళు మండిపోయింది. ఆ శనివారం కావాలనే వెళ్ళాను. పేపర్ల కట్ట పట్టుకుని దిగాను. ఆయన కుర్చీ వేయలేదు. చేతులు తుడుచుకుంటూ షెడ్డు బయటికే ఎదురొచ్చాడు.

"మేడమ్, ఇకనించి బండి గుడివాడే తీసుకెళ్ళండి" అన్నాడు.

"ఏమైంది?"

"అసలు పార్టులు వాళ్ళ దగ్గరే దొరుకుతాయండీ. మొన్న చూశారుగా, దారిలో ఎంత ఇబ్బంది పడ్డారో. ఇప్పుడు అన్నీ కంప్యూటర్లు పెట్టి చూస్తున్నారు. బండికి అదే మంచిది."

మా కారులో కంప్యూటరు పెట్టి చూడాల్సిందేదీ లేదు. అది ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఆయన నా మొహం వంక చూడకుండా బానెట్టు వంకే చూస్తూ మాట్లాడాడు. ఎవరో ఆయన దాకా కూడా వెళ్ళి చెప్పారన్నమాట. లేకపోతే ఈ మాట కువైట్ దాకా వెళ్ళిందేమో. ఏదైనా, ఆయన చెప్పగలిగిన పద్ధతిలో మర్యాదగా చెప్పాడు.

"సరేనండీ" అన్నాను. "మీరు బాగా చూశారు బండిని."

"ఉంటానండీ మేడమ్" అన్నాడు.

ఎదురుగా వలలు బాగుచేసేవాళ్ళు తలెత్తి చూశారు. కారు వెనక్కి తిప్పుకుని వచ్చేశాను.

తర్వాత ఏళ్ళపాటు గుడివాడే. వాళ్ళ పనికి వంక పెట్టలేను. అసలు పార్టులు వేసేవారు, చెప్పిన టైముకు ఇచ్చేవారు. కారు ఎక్కడా ఆగిపోలేదు. ఎవరైనా కొత్తగా బండి కొని, కంపెనీలో చేయిద్దామా బయట చేయిద్దామా అని అడిగితే కంపెనీలోనే అని చెప్తాను. నిజమే చెప్తాను. టై కుర్రాళ్ళు మారిపోతూ ఉండేవారు. ప్రతిసారీ కొత్త మొహం, అదే "రండి మేడమ్". అద్దాల గదిలో నాకు అలవాటైన కుర్చీ ఒకటి ఏర్పడింది. పేపర్లు తీసుకెళ్ళడం మానేశాను.

కొన్నాళ్ళకు గిలకలదిండి షెడ్డు స్థలంలో ఐసు డిపో వచ్చిందని విన్నాను. ఎకనామిక్స్ మేడమే చెప్పింది, ఆయన భార్య వచ్చేసిందట, ఇద్దరూ కోడూరు వెళ్ళిపోయారట. హంసలదీవి వైపు పడవల ఇంజన్లు చేసుకుంటున్నాడట. ఆ ఇంటి తలుపులు తీసి, నాపరాళ్ళు కడిగి, ఆ రెండు గదుల్లో ఇద్దరూ తిరుగుతూ ఉంటారు కదా అనుకున్నాను. మనస్ఫూర్తిగా సంతోషించాను. ఆ సంతోషం చెప్పుకోడానికి ఇంట్లో ఎవరూ లేక, వరండాలో అటూ ఇటూ కాసేపు నడిచాను.

ఆ మధ్య కంపెనీవాళ్ళు కొత్త పద్ధతి పెట్టారు. సర్వీసైన రెండో రోజో మూడో రోజో ఒక అమ్మాయి ఫోను చేసి అడుగుతుంది. నేను కాలేజీ నుంచి వచ్చి, తాళం తీస్తుంటే మోగింది.

"మేడమ్, గుడివాడ వర్క్‌షాపు నుంచి మాట్లాడుతున్నానండీ. బండి ఎలా ఉందండీ?"

"బాగుందమ్మా."

"మా స్టాఫు మీతో మర్యాదగా మాట్లాడారా అండీ?"

"మాట్లాడారు."

"వెయిటింగ్ హాల్లో ఏమన్నా ఇబ్బందిగా ఉందా అండీ?"

"లేదమ్మా."

"ఇంకేమన్నా చెప్పాలనుకుంటున్నారా మేడమ్?"

చిన్నపిల్ల గొంతు. పొద్దుటినుంచీ అవే ప్రశ్నలు ఎంతమందిని అడిగిందో, బొంగురుపోయి ఉంది. వెనకాల ఇంకో ఫోను మోగుతోంది. ఆ అమ్మాయి ఎదురుచూస్తోంది. నేను తలుపు దగ్గరే, చెప్పులు విప్పకుండా నిలబడి ఉన్నాను.

"అన్నం తిన్నావా అమ్మా?" అన్నాను.

అటువైపు కాగితాలు పక్కకు పెట్టిన చప్పుడైంది.

"ఇంకా లేదండీ" అంది. తర్వాత, గొంతు మారి, "మీరు తిన్నారా అండీ?" అని అడిగింది.

"ఇప్పుడే ఇంటికొచ్చాను. వండుకోవాలి" అని చెప్పాను.